మన పొలం మట్టికి ఏమైంది? యూరియా బస్తాకీ, కౌలు కాగితానికీ ఉన్న లింక్

వీడియో చూసే టైమ్ లేనివాళ్ల కోసం, డేటా అయిపోయినవాళ్ల కోసం ఎప్పటిలాగే ఎపిసోడ్ మొత్తం ఇక్కడ టెక్స్ట్‌లో పెడుతున్నాం. బస్సులో కూర్చుని చదివేయొచ్చు.

ఈరోజు టాపిక్ మట్టి. "అబ్బా, వ్యవసాయం వీడియోనా" అని వెనక్కి వెళ్లిపోకండి. మీరు హైదరాబాద్‌లో పీజీలో ఉన్నా, బెంగళూరులో కోడ్ రాస్తున్నా, డల్లాస్‌లో ఉన్నా, ఊళ్లో నాన్న పేరు మీదో తాత పేరు మీదో రెండు ఎకరాలు ఉన్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఈ ఎపిసోడ్ వాళ్ల కోసమే. ఎందుకో చివర్లో అర్థమవుతుంది.

ముందు ఒక నంబర్ చెప్తాను. తుంగభద్ర డ్యామ్ తెలుసు కదా? 2024 ఆగస్టులో 19వ నంబర్ గేటు కొట్టుకుపోయి వారం రోజులు టీవీల్లో అదే కనిపించింది, ఆ డ్యామ్. 1953లో అందులో నీళ్లు నిల్వ చేయడం మొదలుపెట్టినప్పుడు దాని కెపాసిటీ దాదాపు 132 టీఎంసీలు. ఇప్పటి లెక్క సుమారు 105. గోడ ఎత్తు తగ్గలేదు, గేట్లు అన్నే ఉన్నాయి. మరి ఆ 27 టీఎంసీల జాగా ఏమైపోయింది?

అక్కడ మట్టి కూర్చుంది. మన భాషలో పూడిక. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. 27 టీఎంసీల మట్టిని పది క్యూబిక్ మీటర్లు పట్టే టిప్పర్లలో ఎత్తాలంటే ఏడున్నర కోట్ల ట్రిప్పులు దాటుతాయి. నేను కాలిక్యులేటర్‌లో రెండుసార్లు కొట్టి చూశాను. ఆ మట్టి కొంత కొండలది, కొంత గనులది, కొంత పైన ఉన్న పొలాలది. ఒకప్పుడు పంట పండించిన మట్టి ఇప్పుడు డ్యామ్ అడుగున పడుకుని, కింద ఉన్న అనంతపురం, కర్నూలు పొలాలకి రావాల్సిన నీళ్ల జాగా ఆక్రమించింది. అంటే నష్టం రెండు చోట్ల. పైవాడికి మట్టి పోయింది, కిందివాడికి నీళ్లు పోయాయి.

ఇప్పుడు దేశం లెక్క చూద్దాం. 1983లో మన శాస్త్రవేత్తలు ఒక అంచనా వేశారు. భారతదేశంలో సగటున హెక్టారుకి ఏడాదికి 16.4 టన్నుల మట్టి కొట్టుకుపోతోందని. ఇప్పటికీ చాలా పుస్తకాల్లో ఈ లెక్కే కనిపిస్తుంది. ఎకరాల్లో చెప్పాలంటే ఆరున్నర టన్నులు. ట్రాక్టర్ ట్రాలీతో అంటే రెండు ట్రాలీల పైనే. ప్రతి ఎకరా నుంచి, ప్రతి ఏడాదీ. అది సగటు మాత్రమే. గట్లు సరిగ్గా ఉన్న చదును పొలంలో తక్కువ పోతుంది, వాలు పొలంలో చాలా ఎక్కువ పోతుంది.

మన కళ్లకి ఇది ఎందుకు కనపడదంటే, ఆ రెండు ట్రాలీలూ ఎకరా మొత్తం మీద పరిస్తే మిల్లీమీటరుకి కాస్త పైన మాత్రమే వస్తుంది. ఒక్క మిల్లీమీటరు ఎవరు చూస్తారు? కానీ ఒక సెంటీమీటరు మంచి మట్టి తయారవడానికి ప్రకృతికి వందల ఏళ్లు పడుతుంది. ఆ సెంటీమీటరు ఇలా పోవడానికి పదేళ్లలోపే చాలు.

అహ్మదాబాద్‌లో ఉన్న ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ శాటిలైట్ ఫొటోలతో 2021లో ఒక అట్లాస్ విడుదల చేసింది. దాని ప్రకారం 2018-19 నాటికి దేశంలో 9 కోట్ల 78 లక్షల హెక్టార్ల నేల దెబ్బతిని ఉంది. మన మొత్తం భూభాగంలో ఇది 29.77 శాతం. కారణాల్లో మొదటి స్థానం నీటి కోతది. వాన నీళ్లు మట్టిని కోసుకుపోవడం అన్నమాట. గాలి కోత కూడా ఉంది. అది రాజస్థాన్‌ సంగతి అనుకుంటాం. మా ఉమ్మడి అనంతపురం జిల్లాలో బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు వైపు వెళ్లి చూడండి. వేదవతి నది పక్క నుంచి గాలికి లేచిన ఇసుక దిబ్బలు పొలాల మీదికి వచ్చి కూర్చున్నాయి.

సరే. ఇక్కడిదాకా చెప్పింది కంటికి కనిపించే నష్టం. అసలు కథ కనపడని చోట ఉంది.

మీ ఇంట్లో ఎక్కడో బీరువాలో సాయిల్ హెల్త్ కార్డు ఉండొచ్చు. 2015 ఫిబ్రవరి 19న కేంద్రం మొదలుపెట్టిన స్కీమ్ అది. అందులో 12 విషయాలు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, ఈసీ, ఇంకొకటి ఓసీ. ఓసీ అంటే ఆర్గానిక్ కార్బన్, సేంద్రియ కర్బనం. పన్నెండులో నాకు ఒక్కటే చూసే టైమ్ ఉందంటే నేను చూసేది ఆ ఓసీ లైన్. 0.5 శాతం కంటే తక్కువ ఉంటే "తక్కువ". 0.5 నుంచి 0.75 మధ్య ఉంటే "మధ్యస్థం". 0.75 దాటితే "ఎక్కువ". మన మెట్ట పొలాల్లో చాలాచోట్ల వచ్చే రిజల్ట్ ఆ మొదటి గడిలోనే ఉంటుంది.

అర శాతం ఉంటే ఏంటి, ఒక శాతం ఉంటే ఏంటి అనిపిస్తుంది. పరీక్షలో అర మార్కు లాంటిది కాదు ఇది. మట్టి రేణువుల్ని ఒకదానికొకటి అతికించి ఉంచే జిగురు ఆ కర్బనం నుంచే వస్తుంది. ఆకులు, వేర్లు, పేడ కుళ్లినప్పుడు సూక్ష్మజీవులు వాటిని తిని ఆ జిగురు చేస్తాయి. జిగురు ఉంటే మట్టి చిన్న చిన్న ఉండలుగా ఉంటుంది. ఉండల మధ్య సందుల్లోంచి వాన నీళ్లు లోపలికి దిగుతాయి, వేర్లకి గాలి ఆడుతుంది. జిగురు లేకపోతే పెద్ద చినుకు పడగానే ఉండ విడిపోయి పొడి అవుతుంది. ఆ పొడి సందుల్ని మూసేస్తుంది. ఎండకి పైన పెంకు కడుతుంది. మా ఎర్ర నేలల్లో ఇది మరీ ఎక్కువ. విత్తనం మొలకెత్తినా ఆ పెంకు పగలగొట్టుకుని పైకి రాలేక లోపలే చచ్చిపోతుంది. తర్వాతి వాన లోపలికి దిగదు, పైపైనే పారుతుంది, పోతూ పోతూ మట్టిని తీసుకుపోతుంది. ఇందాక చెప్పిన ఆరున్నర టన్నుల కథ మొదలయ్యేది ఇక్కడే.

అందుకే ఒకే వాన పడిన రెండు పక్కపక్క పొలాల్లో ఒకటి పది రోజులు తట్టుకుంటుంది, ఇంకొకటి నాలుగో రోజుకే వాడిపోతుంది. "మనకి వానలు తగ్గాయి" అంటాం. కొన్ని చోట్ల వాన తగ్గకపోయినా, పడిన వానని పట్టుకునే శక్తి నేలకి తగ్గిపోయి ఉంటుంది.

ఇప్పుడు ఒక ప్రశ్న. యూరప్ వీడియోలు చూస్తుంటే మట్టి నల్లగా, మెత్తగా కేకులా కనిపిస్తుంది. మనకెందుకు అలా ఉండదు? మనది ఉష్ణమండలం. సూక్ష్మజీవులు వేడిలో, తడిలో చాలా స్పీడుగా పనిచేస్తాయి. టెంపరేచర్ పది డిగ్రీలు పెరిగితే కుళ్లే వేగం సుమారుగా రెట్టింపు అవుతుంది. చలి దేశంలో రాలిన ఆకు ఏళ్ల తరబడి నేలలో ఉంటుంది. మన దగ్గర తొలకరి తడి తగలగానే దాన్ని తినేస్తాయి. మన నేల పెద్ద ఆకలి ఉన్న నేల అన్నమాట. దానికి ఏటా తిండి పెట్టాలి. పెట్టకపోతే తన దగ్గరున్న పాత కర్బనాన్నే తినేస్తుంది. పొద్దస్తమానం దున్నితే లోపలికి గాలి వెళ్లి ఆ తినడం ఇంకా పెరుగుతుంది.

పాతకాలం వాళ్లకి కార్బన్ అనే మాట తెలియదు. కానీ తిండి పెట్టడం తెలుసు. ఎండాకాలంలో పెంట దిబ్బ ఎత్తి బండ్లతో తోలేవాళ్లు. గొర్రెల కాపరులతో మాట్లాడుకుని రాత్రిళ్లు పొలంలో మంద పెట్టించేవాళ్లు. చెరువు ఎండినప్పుడు ఒండ్రు మట్టి తోలేవాళ్లు. వరి పొలాల్లో జీలుగో, జనుమో, పిల్లిపెసరో చల్లి పూతకి రాగానే కలియదున్నేవాళ్లు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి రైతులు పొలాలకి తోలుకున్నది కూడా ఈ పాత పద్ధతే.

మరి ఎక్కడ తెగింది ఈ లింకు? మూడు చోట్ల.

మొదటిది పశువులు. ట్రాక్టర్ వచ్చాక ఎద్దులు పోయాయి. ఎద్దులు పోయాక పేడ పోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఎద్దుల జతని ఏడాదంతా మేపే ఖర్చు మీకు తెలిస్తే మీరూ అమ్మేస్తారు.

రెండోది పంట మిగులు. మా వైపు వేరుశనగనే తీసుకోండి. పప్పుజాతి పంట కదా, గాలిలోని నత్రజనిని పట్టి నేలకి ఇస్తుంది అని స్కూల్లో చదివాం. నిజమే. కానీ వేరుశనగని వేర్లతో సహా పీకుతాం. కాయలు ఇంటికి, కట్టె పశువులకో అమ్మకానికో. వేరు కూడా నేలలో మిగలదు. పీకిన తర్వాత పొలం మళ్లీ తొలకరి దాకా నెలల తరబడి బోడిగా ఎండలో. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఏళ్ల తరబడి ఇదే పంట. ఇంకోచోట పత్తి కట్టె, వరి కొయ్యలు తగలబెడతారు. అగ్గిపుల్ల ఖర్చు రూపాయి కూడా కాదు, కానీ నేల నోటి దగ్గర కూడు అది.

మూడోది యూరియా. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే కామెంట్స్‌లో రెండు పార్టీలు తయారవుతాయి. యూరియా విషం అని ఒక పార్టీ, యూరియా లేకపోతే ఆకలి చావులే అని ఒక పార్టీ. 1950-51లో మన దేశం పండించిన ఆహార ధాన్యాలు దాదాపు 5 కోట్ల టన్నులు. 2023-24లో 33 కోట్ల టన్నులు. అందులో ఎరువుల వాటా కాదనలేం. నేను యూరియాకి వ్యతిరేకిని కాదు. కానీ లెక్క ఎక్కడ తేడా కొట్టిందో చూడండి.

2010 ఏప్రిల్‌లో ఎరువుల సబ్సిడీ పద్ధతి మారింది. డీఏపీ, పొటాష్ లాంటి వాటికి సబ్సిడీ ఫిక్స్ చేసి, ధర కంపెనీలకి వదిలేశారు. యూరియాని మాత్రం పాత పద్ధతిలోనే కంట్రోల్ ధరలో ఉంచారు. ఫలితంగా 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. 50 కిలోల డీఏపీ బస్తా 1,350 రూపాయలు. చేతిలో డబ్బు తక్కువ ఉన్న మనిషి ఏది కొంటాడు? మన దేశంలో ధాన్యపు పంటలకి నత్రజని, భాస్వరం, పొటాష్ 4:2:1లో ఉండాలని ఒక మోటు లెక్క వాడతారు. 2009-10లో దేశం వాడకం 4.3:2:1. అంటే దాదాపు కరెక్ట్. 2012-13కి వచ్చేసరికి 8.2:3.2:1. మూడేళ్లలో. రైతులందరి తెలివి మూడేళ్లలో తగ్గిపోయిందా? ధరలు మారాయి, అంతే.

ఇంకో విషయం. వరి మడిలో వేసిన యూరియా నత్రజనిలో సగం కూడా పైరుకి అందదు. మిగతాది గాలిలోకి, నీళ్లలోకి పోతుంది. నేలలో కర్బనం తగ్గేకొద్దీ పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. అప్పుడు అదే దిగుబడికి ఇంకో బస్తా కావాలి. నా లాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి దీని పేరు బాగా తెలుసు, టెక్నికల్ డెట్. అసలు కోడ్ సరిచేయకుండా రిలీజ్ రోజు ప్యాచ్ వేస్తాం. పనిచేస్తుంది. తర్వాతి రిలీజ్‌కి రెండు ప్యాచ్‌లు కావాలి. ఒకరోజు ఏ ప్యాచ్ వేసినా సిస్టమ్ లేవదు. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టి తెల్లవారుజాము నుంచి నిలబడిన రైతుల వీడియోలు చూసే ఉంటారు. సప్లై ప్రాబ్లమ్ అని అందరం మాట్లాడుకున్నాం. నేల తనంతట తాను ఎంత ఇవ్వగలదు అనే రెండో ప్రశ్న ఎవరూ అడగలేదు.

కేవలం ఎన్‌పీకే మీదే ఆధారపడితే ఇంకో చిక్కు ఉంది. ఒక చిన్న కథ చెప్తాను. 1960ల్లో ఉత్తరాదిన తెరాయి ప్రాంతంలో వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి పైరు గిడసబారిపోయేది. దాన్ని ఖైరా తెగులు అనేవాళ్లు. అది ఏ వైరస్సో, ఏ శిలీంధ్రమో అని వెతికారు. పంత్‌నగర్ యూనివర్సిటీలో వై.ఎల్. నెనె అనే మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త 1966లో తేల్చారు. తెగులూ కాదు, పురుగూ కాదు, నేలలో జింకు లేదు. జింక్ సల్ఫేట్ కొడితే పైరు లేచింది. ఆ నెనె గారే తర్వాత మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పెద్ద హోదాలో పనిచేశారు. ఇప్పుడు దేశవ్యాప్తంగా రెండు లక్షలకు పైగా శాంపిల్స్ పరీక్షిస్తే 36.5 శాతం నేలల్లో జింకు లోపం ఉంది. పంటతోపాటు జింకు, బోరాన్, గంధకం అన్నీ బయటికి పోతుంటే, మనం తిరిగి వేసేది మూడే. పేడలో, రొట్టలో ఇవన్నీ కొంచెం కొంచెంగా ఉండేవి. ఆ దారి మూసుకుపోయింది.

ఇంతా విని "అయితే ఇక అయిపోయినట్టేనా" అనుకోకండి. నాకు బాగా నచ్చిన పార్ట్ ఇప్పుడు వస్తుంది.

గచ్చిబౌలి నుంచి పటాన్‌చెరు ఎంత దూరం? ఔటర్ మీద అరగంట. అక్కడ ఇక్రిశాట్ క్యాంపస్‌లో 1976 నుంచి నల్లరేగడిలో ఒక ప్రయోగం నడిచింది. రెండు పొలాలు, ఒకే నేల, ఒకే వాన. మొదటి దాంట్లో పాత అలవాటు ప్రకారం వానాకాలం ఖాళీగా వదిలేసి, రబీలో నేలలో మిగిలిన తేమ మీద జొన్నో శనగో వేశారు. రెండో దాంట్లో వాలుని చూసుకుని వెడల్పాటి బెడ్లు, మధ్యలో కాలువలు చేశారు. వానాకాలంలోనే పంట వేశారు, కందిని జత చేశారు. గట్ల మీద గ్లైరిసిడియా పెంచి ఆ రొట్ట నేలకి వేశారు. రసాయన ఎరువులు కూడా వేశారు, కానీ లెక్కగా.

పాతికేళ్ల సగటు చూస్తే మొదటి పొలంలో ఏడాదికి హెక్టారుకి దాదాపు ఒక టన్ను గింజ. రెండో దాంట్లో దాదాపు 5 టన్నులు. మట్టి నష్టం మొదటి దాంట్లో హెక్టారుకి 6 టన్నుల పైన, రెండో దాంట్లో టన్నున్నర చుట్టూ. పైగా రెండో పొలంలో కర్బనం పెరిగింది. అంటే దిగుబడి పెరిగితే నేల అరిగిపోతుందన్న రూలేమీ లేదు. అది నల్లరేగడి కాబట్టి అవే అంకెలు మా ఎర్ర చెలకల్లో వస్తాయని నేను చెప్పను. కానీ దారి అదే. నేల మీద ఎప్పుడూ ఏదో ఒక పచ్చదనం ఉండాలి, వాలుకి అడ్డం పనిచేయాలి, తీసుకున్నదాంట్లో కొంత తిరిగి పెట్టాలి. ఆంధ్రాలో ప్రకృతి వ్యవసాయం చేస్తున్నవాళ్లు తొలకరికి ముందే నవధాన్యాల విత్తనాలు చల్లి నేలని కప్పి ఉంచుతున్నదీ ఇందుకే.

మరి ఇంత క్లియర్‌గా తెలిసినప్పుడు అందరూ ఎందుకు చేయరు? ఈ ప్రశ్నకి జవాబు నాకు ఏ రిపోర్టులోనూ దొరకలేదు, మా పొలంలోనే దొరికింది.

మాకు ఊళ్లో ఆరెకరాల మెట్ట ఉంది. నాయనకి మోకాళ్ల నొప్పులు వచ్చాక కౌలుకి ఇస్తున్నాం. మా వైపు గుత్త అంటాం. ఏడాదికి ఎకరా నాలుగు వేలు. చేసే అన్న మంచి రైతు, నేను చిన్నప్పటి నుంచి చూస్తున్న మనిషే. కార్డు తీసి ఓసీ చూస్తే 0.31. ఉగాదికి ఊరెళ్లినప్పుడు నేను అడిగాను, "అన్నా, చెరువు మట్టి తోలిస్తే బాగుంటుంది కదా, కంది వరసలు పెంచొచ్చు కదా" అని.

ఆయన బీడీ ఆర్పి, నవ్వి, ఒకటే మాట అన్నాడు. "ఏం ప్పా, మట్టి తోలితే మూడేండ్లకి నేల తిరుగుతుంది. నువ్వు మూడేండ్లు ఇస్తావా నాకు?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే మేం ఆయనకి ఇచ్చేది ప్రతి ఉగాదికి ఒక ఏడాది. వచ్చే ఏడాది ఎకరాకి ఐదొందలు ఎక్కువ ఇస్తానని ఇంకొకరు వస్తే పొలం ఆయనకి పోతుంది. చెరువు మట్టి ట్రాక్టరు ఆరొందలు. తన డబ్బు పెట్టి మట్టి తోలితే పంట తినేది ఇంకెవరో. యూరియా ఈరోజు వేస్తే వారంలో ఆకు పచ్చబడుతుంది, ఆ ఏడాదే డబ్బు వస్తుంది. ఆయన చేస్తున్నది పర్ఫెక్ట్ లెక్క. ఆయన ప్లేస్‌లో నేనున్నా అదే చేస్తాను.

ఇదే నేను ఈరోజు చెప్పదలచుకున్న విషయం. నేలని బాగుచేసే ప్రతి పని ఫలితం రెండు మూడేళ్ల తర్వాత వస్తుంది. నేలని అరగదీసే ప్రతి పని ఫలితం అదే సీజన్‌లో వస్తుంది. దున్నే మనిషి చేతిలో పొలం ఏడాదే ఉంటే ఆయన దేన్ని ఎంచుకుంటాడు? మనం రైతులకి అవగాహన సదస్సులు పెడతాం. అవగాహన వాళ్లకి మనకంటే ఎక్కువే ఉంది. లేనిది టైమ్. ఆ టైమ్ ఎవరి చేతిలో ఉంది? ఊరు వదిలేసి సిటీలో ఉన్న ఓనర్ల చేతిలో. అంటే మన ఇళ్లలో.

ఈ మాట ఇంట్లో పెడితే నాయన ఒప్పుకోలేదు. "మూడేండ్లు చేసినాడంటే నాదే పొలం అంటాడు" అన్నాడు. ఈ భయం మా ఇంట్లోనే కాదు, ప్రతి ఇంట్లో ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. ఆంధ్రాలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఓనరు ఒప్పుకుంటే కౌలు రైతుకి 11 నెలలకి కార్డు ఇస్తారు. పంట రుణానికి, బీమాకి అది పనికొస్తుంది. భూమి మీద హక్కు మాత్రం రాదు. ఓనరు భయం పోగొట్టడానికే అలా రాశారు. మంచిదే. కానీ నేల వైపు నుంచి చూస్తే 11 నెలలు అంటే ఒక్క పంట.

చివరికి మా ఇంట్లో ఇలా తేల్చుకున్నాం. కార్డు ప్రతి ఏడాదీ రెన్యువల్. మాట మాత్రం మూడేళ్లది, ఊళ్లో ఇద్దరు పెద్దమనుషుల ముందు. మూడేళ్లూ గుత్త పెంచేది లేదు. మొదటి ఏడాది ఎకరాకి వెయ్యి తగ్గించాం, మొత్తం ఆరు వేలు. ఆ ఆరు వేలకి ఆయన పది ట్రాక్టర్ల చెరువు మట్టి తోలాలి, వాలుకి అడ్డం దున్నాలి, కంది కట్టె తగలబెట్టకూడదు. అమ్మకి ఆ ఆరు వేలు చిన్న మొత్తం కాదు, ఆమె మందుల ఖర్చు అందులోంచే. అందుకే అది నా జీతంలోంచి, అంటే ఇప్పుడు మీ వ్యూస్‌లోంచి, నేను ఇస్తానన్నాను. ఆరెకరాలకి పది ట్రాక్టర్లు ఏ మూలకి? నిజమే, అందుకే బాగా అరిగిపోయిన పైచెక్క ఎకరాలోనే వేయిస్తున్నాం. ఓసీ 0.31 నుంచి ఎక్కడికి వెళ్తుందో మూడేళ్ల తర్వాత ఇదే ఛానల్‌లో కార్డు చూపిస్తాను. పెరగకపోయినా చూపిస్తాను.

ఇక మీరు చేయగలిగినవి చెప్తాను. ఈసారి ఊరెళ్లినప్పుడు ఫోన్ జేబులో పెట్టి ఒక గంట పొలానికి ఇవ్వండి.

ఒకటి, గ్లాసు టెస్ట్. పొలంలోంచి గోలీ సైజు మట్టి గడ్డ తీసుకుని బాగా ఆరనివ్వండి. గాజు గ్లాసులో నీళ్లు పోసి మెల్లగా వదలండి. కాసేపటిదాకా ఆకారం నిలబడితే జిగురు ఉన్నట్టు. వేసిన నిమిషంలోనే పొడి పొడిగా విడిపోతే నేల ఆకలితో ఉన్నట్టు. గట్టు పక్కన ఎప్పుడూ దున్నని చోట నుంచి ఇంకో గడ్డ తెచ్చి పక్క గ్లాసులో వేయండి. రెండింటికీ తేడా చూస్తే నా ఎపిసోడ్ మొత్తం అక్కడే అర్థమైపోతుంది. రీల్‌కి కూడా బాగుంటుంది.

రెండు, మట్టి పరీక్ష. ఎండాకాలంలో, ఎరువు వేయకముందే శాంపిల్ తీయాలి. పొలంలో వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల పైన చెత్త తీసేసి, "వి" ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, పక్క గోడ నుంచి పైనుంచి కిందిదాకా సమానంగా ఒక పొర గీరాలి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి తీసేస్తూ చివరికి అర కిలో మిగల్చాలి. చెట్ల కింద, గట్ల పక్కన, పెంట దిబ్బ ఉన్నచోట తీయొద్దు. రిజల్ట్ వచ్చాక ముందు ఓసీ లైన్ చూడండి, తర్వాత జింకు.

మూడు, ఇంట్లో మాట్లాడటం. ఇది అన్నిటికంటే కష్టం. పొలం ఎవరు చేస్తున్నారు, ఎన్నేళ్ల నుంచి చేస్తున్నారు, గుత్త ఎంత, వచ్చే ఏడాది కూడా ఆయనకే ఇస్తామని ఎవరైనా చెప్పారా, అడగండి. నాన్నతో గొడవ పెట్టుకోమని చెప్పట్లేదు. ఆయన భయానికి కారణాలున్నాయి, వినండి. సొంతంగా చేసుకుంటున్నవాళ్లయితే ఈ ఏడాదికి కట్టె తగలబెట్టకుండా ఒక్క ఎకరాలో ట్రై చేయండి చాలు.

ఇంకో రెండు విషయాలు టైమ్ లేక వదిలేశాను. డెల్టాలో, కాలువ చివరి భూముల్లో చౌడు ఎందుకు తేలుతుంది అనేది ఒకటి. ఇటుక బట్టీలకి పైమట్టి అమ్మేయడం ఇంకొకటి. చౌడు మీద వచ్చే ఎపిసోడ్ చేస్తాను. కృష్ణా, గుంటూరు, నల్గొండ వాళ్లు మీ పొలం ఫొటోలు పంపండి.

కామెంట్‌లో లైక్ ఎమోజీలు వద్దు. మీ ఊరి పేరు, పక్కన మీ పొలం ఓసీ నంబర్ రాయండి. పదిమంది రాస్తే పదిమంది ఇళ్లలో ఆ కార్డు బీరువాలోంచి బయటికి వచ్చినట్టే. సబ్‌స్క్రైబ్ చేయనివాళ్లు చేసేయండి.